ఫ్రిట్జ్ వాన్ ఎరిక్

ఫ్రిట్జ్ వాన్ ఎరిక్ (ఆగష్టు 16, 1929 - సెప్టెంబర్ 10, 1997) అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని టెక్సాస్ రాష్ట్రానికి చెందిన ప్రముఖ వృత్తి మల్లయోధుడు, కుస్తీ పోటీల నిర్వాహకుడు. ఇతని అసలు పేరు జాక్ బార్టన్ ఆడ్కిసన్. ఐరన్ క్లా (ఉక్కు పంజా) అనే పట్టుతో ఇతడు ప్రసిద్ధి పొందాడు. ఇతని ఐదుగురు కుమారులు కూడా కుస్తీ రంగంలో ప్రవేశించి, వాన్ ఎరిక్ కుటుంబంగా 1980వ దశకంలో విశేషమైన ప్రజాదరణ పొందారు. అంతటి ఆదరణ ఉన్నప్పటికీ, ఆ కాలంలో అత్యున్నతమైనదిగా భావించబడిన నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ (ఎన్.డబ్ల్యు.ఏ.) ప్రపంచ హెవీవెయిట్ బిరుదు తండ్రికి ఎన్నడూ దక్కలేదు. కుమారులలో ఒక్కరికి మాత్రమే, అదీ పద్దెనిమిది రోజులు మాత్రమే దక్కింది. ఆరుగురు కుమారులలో ఐదుగురు తల్లిదండ్రులు జీవించి ఉండగానే మరణించడం ఈ కుటుంబ చరిత్రలోని పెను విషాదం.

బాల్యం, విద్యాభ్యాసం

జాక్ ఆడ్కిసన్ 1929 ఆగష్టు 16న టెక్సాస్ రాష్ట్రంలోని జ్యువెట్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. డల్లాస్ నగరంలోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయంలో చదివాడు. అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ, డిస్కస్ త్రో పోటీలలో కూడా పాల్గొన్నాడు. 1950లో డోరిస్ స్మిత్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఆరుగురు కుమారులు కలిగారు.

కుస్తీ రంగ ప్రవేశం

ఫుట్‌బాల్‌లో స్థిరపడాలనే ప్రయత్నంలో భాగంగా ఆడ్కిసన్ కెనడాలోని ఎడ్మంటన్ నగరానికి వెళ్ళాడు. అక్కడ ప్రముఖ కుస్తీ శిక్షకుడు, నిర్వాహకుడు అయిన స్టూ హార్ట్‌తో పరిచయం కలిగింది. భారీ శరీరం, పెద్ద అరచేతులు కలిగిన ఈ యువకునికి స్టూ హార్ట్ శిక్షణ ఇచ్చి, తన పోటీలలో అవకాశం కల్పించాడు. ఫ్రిట్జ్ వాన్ ఎరిక్ అనే జర్మన్ పేరు అప్పుడే స్థిరపడింది.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్ళయినా గడవని రోజులవి. నాజీ సైనికుని పోలిన వేషంతో రింగులోకి వచ్చే యోధుని చూడగానే ప్రేక్షకులు ఆగ్రహంతో ఊగిపోయేవారు. వృత్తి కుస్తీలో ఇటువంటి ప్రతినాయక పాత్రలకు మంచి గిరాకీ ఉండేది, ఎందుకంటే అతడు ఓడిపోవడం చూడడానికే జనం టిక్కెట్టు కొనేవారు. వాల్డో వాన్ ఎరిక్ అనే మరొక యోధుడు ఇతనికి సోదరునిగా రంగప్రవేశం చేశాడు. వారిద్దరికీ ఎటువంటి బంధుత్వమూ లేదు. ఇద్దరూ జంటగా అమెరికా, కెనడాలలోని అనేక నగరాలలో పోటీలు చేశారు.

పెద్ద కుమారుని మరణం

1952లో జన్మించిన పెద్ద కుమారుడు జాక్ జూనియర్ 1959 మార్చి 7న ప్రమాదవశాత్తు మరణించాడు. అప్పుడు కుటుంబం న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ వద్ద నివసిస్తున్నది. ఆడుకుంటున్న బాలునికి విద్యుదాఘాతం తగిలి, స్పృహ తప్పి నీటి మడుగులో పడిపోయి చనిపోయాడు. అప్పటికి అతని వయసు ఆరేళ్ళు. వాన్ ఎరిక్ కుటుంబ విషాదాలకు ఇదే ఆరంభం. తరువాతి కాలంలో కుటుంబం టెక్సాస్‌కు తిరిగి వచ్చి స్థిరపడింది.

ఉక్కు పంజా

ఫ్రిట్జ్ తన అరచేతిని ప్రత్యర్థి ముఖంపై పరచి, వేళ్ళతో కణతలను నొక్కి పట్టేవాడు. ఇదే ఐరన్ క్లా పట్టు. ఇతడు చేయి పైకెత్తి వేళ్ళు విప్పగానే ప్రేక్షకులలో కలకలం రేగేది. ఈ పట్టు తరువాత కుమారులకు కూడా వారసత్వంగా సంక్రమించింది.

1963 జూలైలో ఇతడు వెర్న్ గాన్యాను ఓడించి అమెరికన్ రెజ్లింగ్ అసోసియేషన్ (ఏ.డబ్ల్యు.ఏ.) ప్రపంచ బిరుదును గెలుచుకున్నాడు. రెండు వారాలు కూడా గడవక ముందే, ఆగష్టు నెలలో, ఆ బిరుదు తిరిగి గాన్యాకే చేరింది. 1966లో జపాన్ రాజధాని టోక్యోలోని నిప్పాన్ బుడోకాన్ భవనంలో జయంట్ బాబాతో తలపడ్డాడు. జపాన్‌లో ఇతని పంజా పట్టుకు ఎంతో పేరు వచ్చింది.

ప్రపంచ బిరుదు - ఎంపిక విధానం

వాన్ ఎరిక్ కుటుంబానికి అగ్ర బిరుదు ఎందుకు దక్కలేదో తెలియాలంటే ఆ బిరుదును నిర్ణయించే పద్ధతిని తెలుసుకోవలసి ఉంటుంది. వృత్తి కుస్తీలో గెలుపు ఓటములు ముందుగానే నిర్ణయించబడతాయి. కావున బిరుదు అనేది బలపరీక్షలో సాధించుకొనేది కాదు, నిర్వాహకులు అప్పగించే బాధ్యత.

1948లో ఏర్పడిన ఎన్.డబ్ల్యు.ఏ. వివిధ ప్రాంతాల నిర్వాహకుల సమాఖ్య. ఒక్కొక్క నిర్వాహకునికి ఒక్కొక్క ప్రాంతం ఉండేది. ఒకరి ప్రాంతంలోకి మరొకరు ప్రవేశించరాదు. ప్రపంచ విజేత మాత్రం అన్ని ప్రాంతాలకూ ఉమ్మడి. అతడు సంవత్సరం పొడవునా ఊరూరా తిరుగుతూ, స్థానిక వీరునితో తలపడి, ఆ వీరుని ప్రతిష్ఠ పెరిగేలా పోటీ చేసి, చివరకు బిరుదుతోనే మరొక ఊరికి బయలుదేరాలి. అందుచేత విజేతను సమాఖ్య పాలకవర్గం ఓటు ద్వారా ఎన్నుకొనేది. బిరుదుతో పారిపోకుండా అతని వద్ద డిపాజిట్టు సొమ్ము కూడా తీసుకొనేది. ఎన్నిక కావాలంటే నైపుణ్యంతో పాటు, ఎడతెగని ప్రయాణాలకు ఓర్చుకొనే శక్తి, అన్ని ప్రాంతాల నిర్వాహకుల నమ్మకం అవసరం.

ఈ పద్ధతి వలన సొంత ప్రాంతంలో ఎంత పెద్ద వీరుడైనా ప్రపంచ విజేత కాగలడనే హామీ లేదు. పైగా స్వయంగా ఒక ప్రాంతానికి యజమాని అయిన వానికి ఏడాది పొడవునా ఊరు విడిచి తిరగడం కష్టం. ఫ్రిట్జ్ విషయంలో ఈ రెండూ వర్తిస్తాయి.

డల్లాస్ నిర్వాహకునిగా

1960వ దశకం రెండవ భాగంలో ఫ్రిట్జ్ డల్లాస్ నిర్వాహకుడైన ఎడ్ మెక్‌లెమోర్‌తో చేతులు కలిపాడు. 1969లో మెక్‌లెమోర్ మరణించిన తరువాత డల్లాస్ పరిసర ప్రాంతపు కుస్తీ వ్యాపారం ఇతని చేతికి వచ్చింది. అప్పటికే ఇతడు జర్మన్ ప్రతినాయకుని పాత్రను విడిచిపెట్టి, టెక్సాస్ ప్రజల అభిమాన కథానాయకునిగా మారాడు. పేరు మాత్రం మారలేదు. దైవభక్తి, కుటుంబ విలువలు కలిగిన వ్యక్తిగా ప్రజలలో గుర్తింపు పొందాడు.

1975-76లో ఇతడు ఎన్.డబ్ల్యు.ఏ. అధ్యక్షునిగా పనిచేశాడు. ఇతని పదవీకాలంలోనే, 1975 డిసెంబర్ 10న, టెర్రీ ఫంక్ ప్రపంచ విజేత అయ్యాడు. టెర్రీ కూడా టెక్సాస్ వాడే, అమరిల్లో నిర్వాహకుడైన డోరీ ఫంక్ సీనియర్ కుమారుడు. టెర్రీ అన్న డోరీ ఫంక్ జూనియర్ 1969 నుండి 1973 వరకు అదే బిరుదును నిలుపుకున్నాడు. ఒకే రాష్ట్రంలో ఒక నిర్వాహకుని ఇద్దరు కుమారులు ప్రపంచ విజేతలు కాగా, మరొక నిర్వాహకుడు సమాఖ్య అధ్యక్ష పదవిని అధిష్ఠించి కూడా బిరుదుకు దూరంగానే ఉండిపోయాడు.

1982 జూన్ 4న టెక్సాస్ స్టేడియంలో కింగ్ కాంగ్ బండీపై గెలిచి ఫ్రిట్జ్ రింగు నుండి విరమించాడు.

వరల్డ్ క్లాస్

ఫ్రిట్జ్ సంస్థ 1980వ దశకం ఆరంభంలో వరల్డ్ క్లాస్ ఛాంపియన్‌షిప్ రెజ్లింగ్‌గా ప్రసిద్ధి చెందింది. డల్లాస్‌లోని స్పోర్టటోరియం అనే రేకుల కప్పు భవనం దీనికి కేంద్రం. ఎక్కువ కెమెరాలు, రింగు పక్కన మైకులు, యోధుల ప్రవేశానికి సినిమా తరహా సంగీతం, యోధుల వ్యక్తిగత జీవితాన్ని చూపే కథనాలు వంటి కొత్త పద్ధతులతో ఈ సంస్థ టెలివిజన్ కార్యక్రమం అమెరికాలోని అనేక నగరాలలోనూ, విదేశాలలోనూ ప్రసారమైంది. ఇజ్రాయెల్ దేశంలో దీనికి లభించిన ఆదరణ కారణంగా వాన్ ఎరిక్ సోదరులు 1985లో అక్కడ పర్యటించారు.

ఈ ఆదరణకు ముఖ్య కారకులు ఫ్రిట్జ్ కుమారులు కెవిన్, డేవిడ్, కెర్రీ. కెవిన్ పాదరక్షలు లేకుండా పోటీ చేసేవాడు, గాలిలోకి ఎగిరి చేసే విన్యాసాలలో దిట్ట. పొడగరి అయిన డేవిడ్‌కు కుస్తీ మెళకువలు, మాటకారితనం రెండూ ఉండేవి. కెర్రీ తండ్రి వలెనే డిస్కస్ త్రో క్రీడాకారుడు, కండలు తీరిన శరీరంతో యువతరాన్ని ఆకర్షించాడు.

1982 డిసెంబర్ 25న డల్లాస్‌లోని రీయూనియన్ అరీనాలో ప్రపంచ విజేత రిక్ ఫ్లెయిర్‌తో కెర్రీ ఉక్కు పంజరంలో తలపడ్డాడు. కథాక్రమంలో భాగంగా, ఫ్రీబర్డ్స్ బృందానికి చెందిన టెర్రీ గోర్డీ పంజరం తలుపుతో కెర్రీ తలపై కొట్టాడు. కెర్రీకి బిరుదు దక్కలేదు. ఆనాడు మొదలైన ఫ్రీబర్డ్స్ - వాన్ ఎరిక్ వైరం కొన్ని సంవత్సరాలపాటు భవనాలను ప్రేక్షకులతో నింపింది. బిరుదు చేతికి అందినట్లే అంది జారిపోవడం అనే కథాంశమే ఈ కుటుంబానికి అత్యధిక ఆదాయాన్ని తెచ్చిపెట్టింది.

డేవిడ్ మరణం, పద్దెనిమిది రోజుల బిరుదు

సోదరులలో ప్రపంచ విజేత కాగల యోగ్యత డేవిడ్‌కు ఉన్నదని కుస్తీ వర్గాలలో విస్తృతంగా భావించేవారు. అతడు సొంత ప్రాంతానికే పరిమితం కాకుండా ఫ్లోరిడాలో ప్రతినాయకునిగాను, సెయింట్ లూయిస్‌లో మిస్సౌరీ రాష్ట్ర విజేతగాను రాణించాడు. మిస్సౌరీ బిరుదును ప్రపంచ బిరుదుకు ముందు మెట్టుగా పరిగణించేవారు.

1984 ఫిబ్రవరి 10న జపాన్ పర్యటనలో ఉండగా డేవిడ్ టోక్యోలోని హోటలు గదిలో మరణించాడు. వయసు 25 సంవత్సరాలు. పేగుల వాపు వ్యాధి మరణ కారణమని అధికారికంగా ప్రకటించారు. మాదకద్రవ్యాల ప్రసక్తి తెచ్చినవారూ ఉన్నారు గాని, కుటుంబం దానిని అంగీకరించలేదు.

డేవిడ్ స్మృత్యర్థం 1984 మే 6న టెక్సాస్ స్టేడియంలో భారీ పోటీలు నిర్వహించారు. ముప్పై వేల మందికి పైగా ప్రేక్షకులు హాజరయ్యారు. ఆ రోజు కెర్రీ వాన్ ఎరిక్ రిక్ ఫ్లెయిర్‌ను ఓడించి ఎన్.డబ్ల్యు.ఏ. ప్రపంచ హెవీవెయిట్ విజేత అయ్యాడు. ఆ కుటుంబం ఎంతో కాలంగా ఎదురుచూసిన బిరుదు ఒక మరణం తరువాత వచ్చింది. మే 24న జపాన్‌లోని యొకొసుకాలో ఫ్లెయిర్ చేతిలో కెర్రీ ఓడిపోయాడు. మొత్తం పద్దెనిమిది రోజులు. వాన్ ఎరిక్ కుటుంబ చరిత్రలో ఈ అగ్ర బిరుదు లభించిన సందర్భం ఇదొక్కటే.

సొంత ప్రపంచ బిరుదు

1986లో ఫ్రిట్జ్ తన సంస్థను ఎన్.డబ్ల్యు.ఏ. నుండి వేరు చేశాడు. ప్రాంతీయ స్థాయిలో ఉన్న తమ అమెరికన్ బిరుదునే ప్రపంచ బిరుదుగా ప్రకటించాడు. రిక్ రూడ్ తొలి విజేత కాగా, అదే సంవత్సరం కెవిన్ దానిని గెలుచుకున్నాడు. తరువాత కెర్రీ కూడా పలుమార్లు విజేత అయ్యాడు. అయితే తండ్రి సంస్థ ఇచ్చిన బిరుదు కుమారుల నడుముకు చేరడం వలన, టెక్సాస్ వెలుపల దానికి ప్రపంచ బిరుదు స్థాయి గౌరవం లభించలేదు.

1988 డిసెంబర్ 13న చికాగోలో ఏ.డబ్ల్యు.ఏ. విజేత జెర్రీ లాలర్‌తో కెర్రీ తలపడ్డాడు. రెండు సంస్థల బిరుదులను ఏకం చేయడానికి జరిగిన ఈ పోటీలో, కెర్రీ నుదుటి నుండి రక్తం కారుతున్నదన్న కారణంతో పోటీని నిలిపివేసి లాలర్‌ను విజేతగా ప్రకటించారు.

సంస్థ పతనం

డేవిడ్ లేని లోటును భర్తీ చేయడానికి ఐదవ కుమారుడు మైక్‌ను ముందుకు తెచ్చారు. మైక్‌కు సంగీతంపై ఆసక్తి ఎక్కువ, అన్నలంతటి శరీర దారుఢ్యం లేదు. 1985లో ఇజ్రాయెల్ పర్యటనలో అతని భుజానికి గాయమైంది. శస్త్రచికిత్స తరువాత టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక వ్యాధి సోకింది. మరణం అంచుల నుండి బయటపడినా మునుపటి ఆరోగ్యం తిరిగి రాలేదు. అదే సంవత్సరం లాన్స్ వాన్ ఎరిక్ అనే పేరుతో ఒక బయటి యోధుని ఫ్రిట్జ్ సోదరుని వంశస్థునిగా పరిచయం చేశారు. తరువాత అతడు సంస్థను విడిచి వెళ్ళగా, అతడు తమ బంధువు కాదని ఫ్రిట్జే టెలివిజన్‌లో వెల్లడించాడు. ఇంతకాలం నమ్మిన అభిమానులు దీనితో నొచ్చుకున్నారు.

1986 జూన్ 4న మోటారు సైకిల్ ప్రమాదంలో కెర్రీ కుడి కాలికి తీవ్ర గాయమై, చివరకు పాదాన్ని తొలగించవలసి వచ్చింది. కృత్రిమ పాదంతోనే అతడు తిరిగి రింగులోకి వచ్చాడు. ఈ విషయాన్ని ప్రేక్షకులకు తెలియనీయలేదు.

1987 డిసెంబర్ 25న ఫ్రిట్జ్ రింగు వద్ద కుప్పకూలినట్లు, ప్రాణాపాయ స్థితిలో ఉన్నట్లు ఒక కథాంశాన్ని నడిపారు. నిజమైన మరణాలు సంభవించిన కుటుంబం ప్రాణాపాయాన్ని కల్పించి చూపడం తీవ్ర విమర్శలకు గురైంది. ఇదే కాలంలో వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ (డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్.) దేశవ్యాప్తంగా విస్తరించి ప్రాంతీయ సంస్థలను దెబ్బతీసింది. 1989లో వరల్డ్ క్లాస్ సంస్థ మెంఫిస్ నిర్వాహకుడు జెర్రీ జారెట్ ఆధీనంలోకి వెళ్ళింది.

కెర్రీ 1990లో డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్.లో చేరి, ఆగష్టు 27న మిస్టర్ పర్ఫెక్ట్‌ను ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ బిరుదు పొందాడు. అది ఆ సంస్థలో రెండవ స్థాయి బిరుదు. అదే రోజు అగ్ర బిరుదు కోసం తలపడిన అల్టిమేట్ వారియర్, రిక్ రూడ్ ఇద్దరూ ఒకప్పుడు డల్లాస్‌లో ఫ్రిట్జ్ సంస్థలో పోటీ చేసినవారే. నవంబర్‌లో కెర్రీ ఆ బిరుదును కోల్పోయాడు.

కుటుంబ విషాదాలు

మైక్ 1987 ఏప్రిల్ 12న ఆత్మహత్య చేసుకున్నాడు. ఆరవ కుమారుడు క్రిస్‌కు చిన్ననాటి నుండి ఉబ్బసం ఉండేది. దానికి వాడిన మందుల వలన ఎముకలు పెళుసుబారాయి. యోధుడు కావాలనే కోరిక బలంగా ఉన్నా శరీరం సహకరించలేదు. 1991 సెప్టెంబర్ 12న అతడు కూడా ప్రాణం తీసుకున్నాడు. 1992లో ఫ్రిట్జ్, డోరిస్ దంపతులు విడాకులు తీసుకున్నారు. మాదకద్రవ్యాల కేసులలో చిక్కుకున్న కెర్రీ 1993 ఫిబ్రవరి 18న డెంటన్ కౌంటీలోని కుటుంబ వ్యవసాయ క్షేత్రంలో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఈ వరుస మరణాల కారణంగా వాన్ ఎరిక్ శాపం అనే మాట వాడుకలోకి వచ్చింది. గాయాలతో పోటీలు కొనసాగించడం, నొప్పి నివారణ మందులకు అలవాటు పడడం, పోయిన సోదరుని స్థానాన్ని మిగిలినవారు భర్తీ చేయవలసి రావడం వంటి పరిస్థితులను గమనిస్తే, శాపం అనే మాట అసలు కారణాలను కప్పివేస్తుందని చెప్పవచ్చు. కుమారుల శక్తికి మించిన భారాన్ని మోపాడని ఫ్రిట్జ్‌పై విమర్శ ఉన్నది. సోదరులలో జీవించి ఉన్న కెవిన్ మాత్రం తండ్రి పట్ల ప్రేమ, గౌరవాలనే వ్యక్తపరచాడు.

సంతానం

* జాక్ జూనియర్ (1952 - 1959)
* కెవిన్ (జననం 1957)
* డేవిడ్ (1958 - 1984)
* కెర్రీ (1960 - 1993)
* మైక్ (1964 - 1987)
* క్రిస్ (1969 - 1991)

మరణం

ఫ్రిట్జ్ వాన్ ఎరిక్ క్యాన్సర్ వ్యాధితో 1997 సెప్టెంబర్ 10న టెక్సాస్‌లోని డెంటన్ కౌంటీలో మరణించాడు. అప్పటికి ఇతని వయసు 68 సంవత్సరాలు. డోరిస్ 2015లో మరణించింది.

బిరుదులు దక్కని కుటుంబమనే పేరు

వాన్ ఎరిక్‌లు అగ్ర బిరుదును ఎన్నడూ గెలవలేదనే మాట అక్షరాలా నిజం కాదు. ఫ్రిట్జ్‌కు 1963లో ఏ.డబ్ల్యు.ఏ. బిరుదు, కెర్రీకి 1984లో ఎన్.డబ్ల్యు.ఏ. బిరుదు లభించాయి. తండ్రి, కుమారులు గెలుచుకున్న అమెరికన్, టెక్సాస్ బిరుదులు, జంట బిరుదులు అనేకం ఉన్నాయి. అయినప్పటికీ ఆ రెండు ప్రపంచ బిరుదుల కాలాన్ని కలిపి లెక్కించినా నెల రోజులు మించదు. ఆ పేరు రావడానికి ఇదే కారణం.

ఫ్రిట్జ్‌కు శిక్షణ ఇచ్చిన స్టూ హార్ట్ కుమారుడు బ్రెట్ 1992లో మొదలుకొని ఐదు పర్యాయాలు డబ్ల్యు.డబ్ల్యు.ఎఫ్. విజేత అయ్యాడు. డల్లాస్‌లో తొలినాళ్ళు గడిపిన అల్టిమేట్ వారియర్, అండర్‌టేకర్, మిక్ ఫోలీ, స్టీవ్ ఆస్టిన్ తరువాత అదే బిరుదును అందుకున్నారు. తన ఇంటికి చేరని కీర్తి తన రింగులో తిరిగిన పరాయివారికి దక్కడం ఫ్రిట్జ్ జీవితంలోని విశేషం. టెక్సాస్ ప్రజల దృష్టిలో మాత్రం వాన్ ఎరిక్‌ల స్థానం ఏ బిరుదుపైనా ఆధారపడలేదు.

గుర్తింపు

* 2009లో వాన్ ఎరిక్ కుటుంబానికి డబ్ల్యు.డబ్ల్యు.ఈ. హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం లభించింది. కుటుంబం తరఫున కెవిన్ స్వీకరించాడు.
* కెవిన్ కుమారులు రాస్, మార్షల్, కెర్రీ కుమార్తె లేసీ కూడా కుస్తీ రంగంలో ప్రవేశించారు.
* వరల్డ్ క్లాస్ సంస్థకు కేంద్రమైన స్పోర్టటోరియం భవనాన్ని 2003లో కూల్చివేశారు.
* ఈ కుటుంబ కథ ఆధారంగా షాన్ డర్కిన్ దర్శకత్వంలో ది ఐరన్ క్లా అనే చలనచిత్రం 2023లో విడుదలైంది. ఫ్రిట్జ్‌గా హోల్ట్ మెకల్లనీ, కెవిన్‌గా జాక్ ఎఫ్రాన్ నటించారు. కథా సౌలభ్యం కోసం ఈ చిత్రంలో క్రిస్ పాత్రను పూర్తిగా తొలగించారు.